ఆ 48 గంటలు ఎందుకు ఆగుతున్నారు?

మూడో ఏడాది చదువుతున్న ఒక కుర్రాడు తమ కాలేజీ టెక్ ఫెస్ట్ సైటును కొత్త సర్వర్‌కు మార్చాడు. డొమైన్ ప్యానెల్‌లో అడ్రసు ఉండే 'ఏ' రికార్డు మార్చి సేవ్ కొట్టాడు. సైటు తెరుచుకోలేదు. హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే, "డీఎన్ఎస్ ప్రొపగేషన్‌కు 24 నుంచి 48 గంటలు పడుతుంది సార్, వెయిట్ చేయండి" అన్నారు. చేశాడు. మూడో రోజు నా దగ్గరికి వచ్చేసరికి ఫెస్ట్‌కు పేర్లు ఇచ్చే గడువు దాటిపోయింది. నేను ఆ డొమైన్ సొంత నేమ్ సర్వర్‌నే నేరుగా అడిగాను. డిగ్ కమాండు కొట్టగానే జవాబు వచ్చింది. అడ్రసు చివర 45 ఉండాల్సిన చోట 54 ఉంది. రెండు రోజులు కాదు, రెండేళ్లు ఆగినా ఆ సైటు తెరుచుకునేది కాదు.

ఈ 48 గంటల మాటతో వచ్చే అసలు కీడు ఇదే. ఎక్కడ తప్పు జరిగిందో వెతకాల్సిన మనిషిని అది చేతులు కట్టుకుని కూర్చోబెడుతుంది. సపోర్టు వాళ్లు చెబుతారు, యూట్యూబ్ పాఠాల్లో చెబుతారు, చివరికి ల్యాబ్ రికార్డుల్లో కూడా రాస్తున్నారు. వినీ వినీ విసుగొచ్చింది.

మీరు రికార్డు మార్చగానే ఆ సంగతి దేశదేశాల సర్వర్లకు మెల్లగా పాకుతుందని చాలామంది నమ్మకం. పాకదు. డీఎన్ఎస్‌లో ఎవరూ దండోరా వేయరు. మార్పు మీ నేమ్ సర్వర్‌లో చేరిన క్షణం నుంచీ, దాన్ని అడిగిన ప్రతివారికీ కొత్త జవాబే అందుతుంది. మీ ప్రైమరీ సర్వర్ నుంచి సెకండరీకి కాపీ వెళ్లడం ఒకటుంది, అది సాధారణంగా సెకన్ల పని. మరి ఆలస్యమంతా ఎక్కడ? ఇంతకుముందే అడిగి, పాత జవాబును దగ్గర దాచుకున్న రిజాల్వర్ల దగ్గర, అంటే మన తరఫున పేర్లు వెతికిపెట్టే సర్వర్ల దగ్గర. ఆ జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పింది కూడా మీరే. దాని పేరే టీటీఎల్.

నిజానికి 'వ్యాపించడం' అన్న మాట డీఎన్ఎస్‌కు ముందున్న పద్ధతికి సరిగ్గా సరిపోతుంది. అర్పానెట్ రోజుల్లో పేర్లూ అడ్రసులూ అన్నీ హోస్ట్స్ డాట్ టెక్స్ట్ అనే ఒకే ఫైల్‌లో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని నిర్వహించేది. మిగతా యంత్రాలు ఆ ఫైల్‌ను కాపీ చేసుకునేవి, కాపీ చేసుకునేదాకా కొత్త పేరు వాటికి తెలిసేది కాదు. నెట్‌వర్కు పెరిగేకొద్దీ ఆ బరువు మోయలేకనే 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించారు. వదిలేసిన పద్ధతి లక్షణాన్ని దాని స్థానంలో వచ్చినదానికి అంటగడుతున్నాం.

నా మాట నమ్మనక్కర్లేదు, ల్యాబ్‌లో మీరే చూడండి. కాలేజీ రిజాల్వర్‌ను డిగ్‌తో ఏదైనా పేరు అడగండి. జవాబు వరుసలో పేరు పక్కన ఒక అంకె ఉంటుంది, 300 అనుకుందాం. పది సెకన్లాగి మళ్లీ అడగండి. 290. ఇంకాసేపటికి 262. అది పాల ప్యాకెట్ మీది తేదీ లాంటిది, దాటాక ఆ జవాబు పనికిరాదు. సున్నాకు చేరాక అడిగితే రిజాల్వర్ మళ్లీ అసలు సర్వర్ దగ్గరికి వెళ్లి తాజా జవాబు తెస్తుంది, అంకె మళ్లీ 300 నుంచి మొదలవుతుంది. (ఇదే ప్రయోగం 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ మీద చేస్తే అంకె ముందుకూ వెనక్కూ గెంతవచ్చు. ఆ ఒక్క అడ్రసు వెనుక ఎన్నో యంత్రాలు, దేని నిల్వ దానిది.)

హాస్టల్లో మీకు కొత్త సైటు, ఊళ్లో నాన్న ఫోన్లో పాత సైటు కనిపించడానికి కారణం కూడా ఇదే. ఆయన వాడే రిజాల్వర్ ఆ పాత జవాబును మీ రిజాల్వర్ కంటే ఆలస్యంగా తెచ్చుకుని ఉంటుంది, దాని దగ్గరి కాపీకి ఇంకా గడువు మిగిలి ఉంటుంది.

లేని పేరుకూ నిల్వ ఉంటుంది, దీన్ని చాలామంది మరచిపోతారు. సబ్‌డొమైన్‌కు రికార్డు పెట్టకముందే బ్రౌజర్‌లో ఆ పేరు కొట్టి చూశారనుకోండి. 'అలాంటి పేరు లేదు' అన్న జవాబును కూడా రిజాల్వర్ దాచుకుంటుంది. ఎంతసేపన్నది మీ జోన్ ఎస్ఓఏ రికార్డును బట్టి ఉంటుంది, అందులోని చివరి అంకెను చూసుకోండి. ముందు రికార్డు పెట్టండి, తర్వాతే పేరు కొట్టండి.

ఒక్క విషయంలో మాత్రం ఆ 48 గంటల వాళ్లతో నేను ఒప్పుకోక తప్పదు. మీరు రికార్డును కాక నేమ్ సర్వర్లనే మార్చితే, ఆ సమాచారం ఉండేది మీ జోన్‌లో కాదు, పైనున్న డాట్ కామ్ సర్వర్లలో. అక్కడి ఎన్ఎస్ రికార్డుల టీటీఎల్ 172800 సెకన్లు, అంటే సరిగ్గా రెండు రోజులు. దాన్ని తగ్గించే అధికారం మీకు లేదు. అలాంటప్పుడు పాత నేమ్ సర్వర్లలోనూ కొత్త అడ్రసే పెట్టి, రెండు రోజులు వాటిని నడవనివ్వండి. కానీ 'ఏ' రికార్డులో ఒక అంకె మార్చినవాడికి ఈ లెక్క ఎందుకు చెబుతున్నారు?

చిల్లర అపోహలు కొన్ని ఉన్నాయి. రూట్ సర్వర్లు 13 యంత్రాలు కావు, 13 పేర్లు. ఎనీకాస్ట్ పద్ధతిలో వాటి వెనుక ప్రపంచమంతటా వెయ్యికి పైగా కేంద్రాలున్నాయి. రూట్‌కు మీ సైటు అడ్రసు తెలియదు, డాట్ ఇన్ గురించి ఎవరిని అడగాలో మాత్రమే చెబుతుంది. డీఎన్ఎస్ అంటే యూడీపీ ఒక్కటే కాదు. ఫైర్‌వాల్‌లో టీసీపీ 53 మూసేస్తే పెద్ద జవాబులు రాక ఇబ్బంది పడతారు. రిజాల్వర్‌గా 1.1.1.1 పెట్టుకుంటే సినిమా వేగంగా డౌన్‌లోడ్ కాదు, పేరు వెతికే ఆ కొద్ది మిల్లీసెకన్లే మారతాయి. ఐపీకాన్ఫిగ్‌తో ఫ్లష్ కొడితే ఖాళీ అయ్యేది మీ కంప్యూటర్ నిల్వే, రిజాల్వర్‌ది కాదు.

సర్వర్ మార్చే పని ఉంటే ముందుగానే సిద్ధపడండి. టీటీఎల్ 86400 ఉంటే, మార్చడానికి కనీసం ఒక రోజు ముందు దాన్ని 300కు దించండి. ఆ రోజు గడిస్తే పాత గడువుతో ఉన్న కాపీలు పోతాయి. అప్పుడు అడ్రసు మార్చండి. పాత సర్వర్‌ను వెంటనే ఆపేయకండి, ఇంకా అటు వచ్చేవాళ్లు ఉంటారు. అంతా కుదురుకున్నాక టీటీఎల్ మళ్లీ పెంచండి. సైటు తెరుచుకోకపోతే మొదట మీ నేమ్ సర్వర్‌నే అడగండి. అక్కడ జవాబు తప్పైతే తప్పు మీ దగ్గరే ఉంది. అక్కడ ఒప్పై, రిజాల్వర్ దగ్గర పాతది వస్తుంటే, దాని పక్కనున్న అంకె చూడండి. ఎంతసేపు ఆగాలో సెకన్లతో సహా అది చెబుతుంది.

పాఠం చెప్పే మిత్రులకు ఒక మనవి. రూట్, టీఎల్‌డీ, అథారిటేటివ్ అంటూ బోర్డు మీద బాణాలు గీయడంతో ఆపకండి. ఆ అంకె తగ్గుతూ సున్నాకు చేరడం పిల్లలకు ఒక్కసారైనా తెర మీద చూపించండి. ఐదు నిమిషాల పని అది.