గిటారు మెట్లపై ఎడమచేతి వ్రేళ్లు

గిటారు నేర్చుకొనుటకు ఉత్సాహముతో ఆరంభించిన విద్యార్థులలో పలువురు కొన్ని నెలలలోనే దానిని గోడకు తగిలించి విడిచిపెట్టుదురు. కారణ మడిగినచో, "నా వ్రేళ్లు ఇందుకు పనికిరావు" అందురు. తీగెలు నొక్కినచో వ్రేళ్లు నొప్పి పుట్టును. ఒక తీగె జుర్రుమనును. ఇంకొకటి అసలే పలుకదు. మిగిలినవి పలికినను శ్రుతి కలియదు. ఇంత శ్రమపడియు ఫలము లేనపుడు విసుగు కలుగుట సహజము. కాని ఈ లోపములలో అధికభాగమునకు కారణము వ్రేళ్లు కావు. వానిని ఉంచుచోటును, నొక్కు బలమును మాత్రమే. ఉన్నత పాఠశాలలో చెప్పుకొను తులాదండ సూత్రము, తీగె కంపన సూత్రములు తెలిసినవారు ఈ లోపములను స్వయముగా కనిపెట్టి సరిచేసికొనగలరు.

మెట్టు చేయు పని

మెట్ల వాద్యము తెలుగువారికి క్రొత్తది కాదు. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో అనేక వీణల పేర్లను పేర్కొనినాడు. 2022లో పద్మశ్రీ పురస్కారము నందుకొనిన దర్శనం మొగులయ్య వాయించు వాద్యమునకు పేరే పన్నెండు మెట్ల కిన్నెర. నేటి వీణకు 24 మెట్లు కలవు. ఈ ఏర్పాటు 17వ శతాబ్ది పూర్వభాగమున తంజావూరు నేలిన రఘునాథ నాయకుని కాలమున స్థిరపడినదని ప్రసిద్ధి.

తీగె కంపించు నియమములను మారిన్ మెర్సెన్ అను ఫ్రెంచి పండితుడు 1636లో ప్రకటించెను. తీగె పొడవు తగ్గినచో పౌనఃపున్యము అదే నిష్పత్తిలో పెరుగును. తన్యత నాలుగు రెట్లయినచో పౌనఃపున్యము రెండు రెట్లగును. తీగె బరువెక్కిన కొలది స్వరము తగ్గును. మెట్టు మీద తీగెను నొక్కుట యనగా కంపించు పొడవును తగ్గించుటయే. గిటారులో ఒక్కొక్క మెట్టు వద్ద పౌనఃపున్యము 1.0595 రెట్లగును, ఇట్లు 12 మెట్లు దాటునప్పటికి సరిగా రెండు రెట్లగును. తీగె మొత్తము పొడవు 650 మి.మీ. అనుకొన్నచో మొదటి మెట్టు తలవైపు అంచు నుండి 36.5 మి.మీ. దూరమున నుండును, 11, 12 మెట్ల నడుమ ఎడము 19.3 మి.మీ. మాత్రమే. మన వ్రేలు నిలువవలసిన గది ఇదియే.

వ్రేలు ఎక్కడ ఉంచవలెను?

ఇద్దరు మనుష్యులు ఒక బొంగుకు బిందెను తగిలించి మోయుచున్నారనుకొనుడు. బిందె నడుమ నున్నచో బరువు ఇద్దరిమీద సమానముగా పడును. ముందువానికి దగ్గరగా జరిపినచో అతని మీద ఎక్కువ పడును. రెండు మెట్ల నడుమ తీగెను నొక్కు వ్రేలు ఆ బిందె వంటిది. ముందు మెట్టు, వెనుక మెట్టు ఆ ఇద్దరు మనుష్యులు.

స్వరము స్పష్టముగా పలుకుటకు తీగె ముందు మెట్టుపై గట్టిగా ఆని యుండవలెను. వ్రేలు గది నడుమ నున్నచో నొక్కిన బలములో సగము మాత్రమే ముందు మెట్టుకు చేరును. గదిని ఆరు భాగములు చేసి, ముందు మెట్టుకు ఒక భాగము దూరమున వ్రేలుంచినచో, ఆరింట అయిదు వంతుల బలము ముందు మెట్టుకు చేరును. వెనుక మెట్టును అంటునట్లుంచినచో ఆరింట ఒక వంతే చేరును. అనగా అదే ఆనికను సాధించుటకు వెనుక నొక్కువాడు ముందు నొక్కువానికంటె అయిదు రెట్లు శ్రమపడవలెను. బలము చాలనపుడు తీగె మెట్టుపై నిలువక, కంపించునపుడెల్ల దానిని కొట్టుకొనుచుండును. జుర్రుమను ధ్వనికి కారణమిదే. కావున వ్రేలు మెట్టుకు వెనుక, దానికి మిక్కిలి దగ్గరగా నుండవలెను. కాని మెట్టుమీదికి ఎక్కరాదు. ఎక్కినచో మెత్తని కండ కంపనమును అణచివేయును; స్వరము మొద్దువారును.

ఎక్కువ నొక్కిన నేమి?

జుర్రుమను ధ్వనికి భయపడి విద్యార్థులు బలముకొలది నొక్కుదురు. ఇక్కడ రెండవ లోపము పుట్టును. గిటారు తీగె రెండు చివరలు కదలకుండ బిగింపబడి యున్నవి. మెట్టుకు ఆనిన తరువాత కూడ నొక్కినచో తీగె మెట్ల నడుమ క్రిందికి వంగి సాగును, తన్యత పెరుగును, స్వరము హెచ్చును. ఉక్కు తీగెల గిటారుపై సన్నని మొదటి తీగెను చూతము. దాని వ్యాసము సుమారు 0.30 మి.మీ., తన్యత సుమారు 104 న్యూటనులు. మొదటి గది నడుమ దానిని మెట్ల మట్టమునకు 1 మి.మీ. క్రిందికి నొక్కినచో తీగె 0.055 మి.మీ. మాత్రమే సాగును. ఇది తలవెండ్రుక మందమంత. కాని తన్యత నూటికి 1.2 వంతు, పౌనఃపున్యము నూటికి 0.6 వంతు పెరుగును. ఇది ఒక మెట్టు అంతరములో పదవ వంతు.

వీణ వాయించువారు ఈ గుణమునే సద్వినియోగము చేసికొందురు. తీగెను ప్రక్కకు లాగి ఒకే మెట్టుపై పైస్వరములను పలికించుట గమకమునకు జీవము. షడ్జమునుండి చతుశ్రుతి రిషభము వరకు, అనగా 9/8 నిష్పత్తిలో, స్వరమును లాగవలెనన్నచో తన్యత 81/64 రెట్లు, సుమారు నూటికి 27 వంతులు పెరుగవలెను. వీణపై గుణమైనది గిటారు కార్డులో దోషమగును. ఏలనగా కార్డులో పలు స్వరములు ఒక్కసారి పలుకును. వానిలో ఒక్కటి హెచ్చినను మిగిలినవానితో కలియదు.

సి మేజరు కార్డు

గిటారుపై మొదట నేర్పు కార్డులలో ఇది యొకటి. 5వ తీగెపై 3వ మెట్టున ఉంగరపు వ్రేలు, 4వ తీగెపై 2వ మెట్టున నడిమి వ్రేలు, 2వ తీగెపై 1వ మెట్టున చూపుడు వ్రేలు ఉంచవలెను. 3వ, 1వ తీగెలు విడిగా పలుకును. 6వ తీగెను మీటరాదు. ఈ అయిదు తీగెల పౌనఃపున్యములు వరుసగా 130.8, 164.8, 196.0, 261.6, 329.6 హెర్ట్జులు. మన సంగీతపు మాటలలో ఇవి షడ్జము, అంతర గాంధారము, పంచమము, పై షడ్జము, పై గాంధారము.

స, గ, పలు పరిపూర్ణముగా కలియవలెనన్నచో వాని నిష్పత్తి 4:5:6 కావలెను. గిటారు మెట్లు సమభాగములుగా విభజింపబడుటచే గాంధారము సహజముగనే కొంచెము హెచ్చు. షడ్జము యొక్క 5వ హరాత్మకము 654 హెర్ట్జులు; గాంధారము యొక్క 4వ హరాత్మకము 659. వీని భేదమువలన క్షణమునకు సుమారు 5 విస్పందనములు కలుగును. దీనికి మన చెవి అలవాటుపడినది. కాని నడిమి వ్రేలు అతిగా నొక్కి గాంధారమును మెట్టులో పదవ వంతు హెచ్చించినచో విస్పందనములు క్షణమునకు 9 అగును. కార్డు వణకుచున్నట్లు, చెడిన శ్రుతి గలట్లు వినబడును. విద్యార్థి బిరడలు త్రిప్పి మరల మరల శ్రుతి చేయును. తప్పు బిరడలలో లేదు, వ్రేలిలో ఉన్నది.

ఈ కార్డులో సాధారణముగా వచ్చు మరియొక లోపము 1వ తీగె పలుకకపోవుట. చూపుడు వ్రేలు చదునుగా పడి ప్రక్క తీగెను తాకుటయే దీనికి కారణము. అట్లే ఉంగరపు వ్రేలు వాలి 4వ తీగెను అణచవచ్చును. వ్రేలి చివరి కణుపు వంచి, కొన మెట్ల పలకపై నిట్టనిలువుగా దిగునట్లు చేసినచో తీగెల నడుమ చోటు మిగులును. ఇందుకు ఎడమచేతి గోళ్లు పొట్టిగా కత్తిరించుకొనుట అవసరము.

చేతి నిర్మాణము

వ్రేళ్లను ముడుచు ముఖ్యకండరములు వ్రేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నవి. వాని స్నాయుబంధనములు మణికట్టులోని ఇరుకైన మార్గముగుండ వ్రేళ్లకు చేరును. ఒక చిన్న పరీక్ష చేయుడు. మణికట్టును లోపలివైపు పూర్తిగా వంచి, పిడికిలి గట్టిగా బిగింపుడు. బిగువు చాలదు. మణికట్టును నిటారుగా నుంచి మరల బిగింపుడు. భేదము తెలియును. మణికట్టును మడిచి కార్డు పట్టువాడు మొదటి పిడికిలితో పనిచేయుచున్నాడన్నమాట.

ఇంకొక పరీక్ష. అరచేతిని బల్లపై ఆనించి, నడిమి వ్రేలిని క్రిందికి ముడిచి, ఉంగరపు వ్రేలిని పైకెత్త ప్రయత్నింపుడు. అది లేవదు, లేక కొంచెమే లేచును. చేతి వెనుక స్నాయుబంధనములు ఒకదానితో నొకటి ముడిపడి యుండుటయే కారణము. కావున ఉంగరపు వ్రేలు ఆలస్యముగా కదలుట అందరికిని సహజమే. నెమ్మదిగా చేయు సాధనచే అది కొంత లొంగును.

బొటనవ్రేలు మెడ వెనుక, సుమారుగా నడిమి వ్రేలికి ఎదురుగా నుండవలెను. దానితో పటకారువలె పిండనక్కరలేదు. గిటారు పొట్ట ఒడిలో, కుడిమోచేయి దానిపై నిలిచి యున్నచో, ఎడమచేతి బరువే తీగెలను కొంతవరకు వెనుకకు లాగును.

ఎఫ్ కార్డులో చూపుడు వ్రేలిని ఆరు తీగెలపై అడ్డముగా పరచవలెను. ఆరింటిని సమానముగా నొక్కవలెనని భ్రమపడి అనేకులు ఇక్కడ ఆగిపోవుదురు. నిజమునకు 5, 4, 3 తీగెలను ఇతర వ్రేళ్లు పై మెట్లపై పట్టియున్నవి. చూపుడు వ్రేలు పలికింపవలసినవి 6, 2, 1 తీగెలు మాత్రమే. వ్రేలిని కొంచెము బొటనవ్రేలి వైపునకు దొర్లించి, మెత్తని అడుగుభాగమునకు బదులు ఎముకగల ప్రక్కభాగము ఆనించినచో పని సులభమగును.

సాధన క్రమము

కార్డు ఆకారమున వ్రేళ్లను తీగెలపై ఊరక తాకించి ఉంచుడు. ఒక్కొక్క తీగెను విడిగా మీటుడు, మొద్దుధ్వని వచ్చును. మీటుచు క్రమముగా బలము పెంచుడు. మొదట జుర్రుమనును, పిమ్మట స్వరము తేలును. తేలిన క్షణముననే ఆగుడు. అంతకంటె బలము వలదు. తరువాత చేయి వదలి, విశ్రాంతి ఇచ్చి, మరల చేయుడు. రోజుకు ఒక గంట బిగబట్టి చేయుటకంటె, పదేసి నిమిషములు పలుమారులు చేయుట మేలు.

లోపము వినబడినపుడు దానిని గుర్తించు విధమిది. మొద్దుధ్వని వచ్చినచో ప్రక్క వ్రేలు తీగెను తాకుచున్నదేమో, వ్రేలు మెట్టు నెక్కినదేమో చూడుడు. జుర్రుమన్నచో వ్రేలిని మెట్టుకు దగ్గరగా జరుపుడు. బలము పెంచుట తరువాతి మాట. స్వరము తేటగా నుండి శ్రుతి తప్పినచో బలము తగ్గింపుడు, తీగె ప్రక్కకు జరిగినదేమో చూడుడు. అన్నియు సరిగా నుండి ఒకే మెట్టువద్ద ఎల్లపుడు జుర్రుమన్నచో దోషము వాద్యమునందుండును. తలవైపు అంచు ఎత్తుగా నున్న గిటారుపై మొదటి మెట్టున ఎవరికైనను కష్టమే. అట్టిదానిని బాగుచేయువానికి చూపవలెను.

వ్రేలికొనల మంట క్రొత్తలో సహజము. చర్మము గట్టిపడగానే తగ్గును. కాని మణికట్టులో నొప్పి, వ్రేళ్లలో తిమ్మిరి కలిగినచో అది అలవాటు కావలసిన బాధ కాదు. వెంటనే ఆపవలెను, తగ్గనిచో వైద్యునికి చూపవలెను. ఓర్చుకొని వాయించుట పట్టుదల అనిపించుకొనదు.

ఉపాధ్యాయులకు ఒక ప్రయోగము

పాఠశాలలోని సోనోమీటరుతో పై విషయమును తరగతికి చూపవచ్చును. తీగెను కప్పీమీదుగా బరువుకు వ్రేలాడదీసి, రెండు గుఱ్ఱముల నడిమి భాగమును మీటి స్వరము విననిండు. గుఱ్ఱమునకును కప్పీకిని నడుమ తీగెను వ్రేలితో క్రిందికి నొక్కుచు మరల మీటుడు. కప్పీ సులువుగా తిరుగుచున్నచో స్వరము దాదాపు మారదు. ఏలనగా తీగె లాగబడినపుడు బరువు కొంచెము పైకి లేచును. తన్యత బరువును బట్టియే యుండును. ఇపుడు తీగె చివరను బరువుకు బదులు మేకుకు బిగించి అట్లే చేయుడు. స్వరము స్పష్టముగా హెచ్చును. మొదటిది పాఠ్యపుస్తకములోని తీగె. రెండవది గిటారు తీగె. ఈ భేదమును చెవితో విన్న విద్యార్థి, మరునాడు గిటారు పట్టినపుడు తన వ్రేళ్లను నిందింపడు. ఏ వ్రేలు ఎక్కడ, ఎంత నొక్కుచున్నదో చూచుకొనును.