మూడు తలుపుల ముందుగది

వీధి తలుపు చప్పుడైతే చాలు, కొన్ని ఇళ్లల్లో కలకలం మొదలవుతుంది. ముందుగదిలో చదువుకుంటున్న అమ్మాయి పుస్తకాలు పోగుచేసుకుని లోపలికి పరుగెత్తుతుంది. కూరలు తరుగుతున్న అమ్మీ అన్నీ అక్కడే వదిలి వంటింట్లోకి వెళ్లిపోతుంది. దివాన్ మీద నడుం వాల్చిన నానీ లేచి ఎటు వెళ్లాలో తోచక గోడ పట్టుకుని నిలబడుతుంది. వచ్చిన పెద్దమనిషి చాయ్ తాగి, మాటలు ముగించి వెళ్లేదాకా వంటింట్లో వున్నవాళ్లు వంటింట్లోనే, పడకగదిలో వున్నవాళ్లు పడకగదిలోనే. మగ్రిబ్ వేళ దాటిపోతున్నా నానీ జానమాజు పరుచుకోవడానికి చోటు దొరకదు.

ఇందులో అతిథి తప్పు లేదు. ఇంటివారి తప్పూ లేదు. వున్న ఒక్క ముందుగదిని ఎలా వాడుకోవాలో ఎవరూ ఆలోచించకపోవడమే అసలు చిక్కు.

హైదరాబాదు పాత దేవిడీలలో మగవారి మర్దానా, ఆడవారి జనానా వేరువేరుగా వుండేవి. వచ్చినవారిని దీవాన్‌ఖానాలో కూర్చోబెట్టేవారు. తఖ్తు మీద తెల్లటి చాందినీ, దాని మీద గావ్‌తకియాలు. లోపలి ఇల్లు తన పని తాను చేసుకుపోయేది. నేటి రెండు గదుల ఇంటికి ఆ వైభోగం లేదు. దీవాన్‌ఖానా, భోజనశాల, చదువుల గది, నమాజు చోటు అన్నీ ఆ ఒక్క హాలే. కాబట్టి గోడలు చేయలేని పనిని సామాను, పరదా, దీపం చేయాలి.

ముందు దారి, తరువాత సోఫా

మన పట్టణాల్లో తరచు కనిపించే హాలును ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తూర్పు ముఖం ఇల్లు. గది వెడల్పు 10 అడుగులు, పొడవు 18 అడుగులు. తూర్పు గోడకు ఉత్తరం మూల వీధి తలుపు, దాని పక్కనే కిటికీ. తలుపుకు సరిగ్గా ఎదురుగా, పడమటి గోడలో వంటింటి తలుపు. ఉత్తరపు గోడలో, వీధి వైపు నుంచి 12 అడుగుల దూరం దాటాక పడకగది తలుపు. దక్షిణపు గోడ పక్కింటితో ఉమ్మడి, అందులో తలుపూ లేదు, కిటికీ లేదు. రైలుపెట్టెలా పొడుగ్గా వుండే ఇలాంటి గదిలో చాలామంది సోఫాను ఒక గోడకు, కుర్చీలను ఎదురు గోడకు వేసి, మధ్యలో టీపాయి పెడతారు. ఇక నడిచేవారంతా టీపాయిని తప్పించుకుంటూ వంకర టింకరగా నడవాలి. చూపు తగ్గిన పెద్దవారు మోకాలికి దెబ్బ తగిలించుకునేది ఇక్కడే.

సామాను జరపడానికి ముందు, ఇంట్లోవారు రోజూ ఎటు నుంచి ఎటు నడుస్తారో చూడండి. ఈ గదిలో మూడు తలుపులూ ఉత్తరపు వైపే వున్నాయి. ఆ గోడ వెంట 3 అడుగుల వెడల్పున దారి ఖాళీగా వదిలేస్తే, మిగిలిన 7 అడుగులూ కూర్చునేవారివే. ఆ దారిలో స్టూలు గానీ, చెప్పుల అర గానీ, సైకిలు గానీ పెట్టకూడదు. మనిషి చేతిలో పళ్లెంతో ఇబ్బంది లేకుండా నడవాలంటే కనీసం రెండున్నర అడుగులు కావాలి.

పరదా ఎక్కడ కట్టాలి?

ఇతరుల ఇంట్లోకి అనుమతి అడిగి, సలాం చెప్పి ప్రవేశించాలని ఖుర్‌ఆన్‌లోని నూర్ సూరా (27వ ఆయతు) ఆదేశిస్తుంది. ఇల్లు అంటే లోపలివారికి నిశ్చింత. కానీ వీధి తలుపు తీయగానే పొయ్యి దాకా కనిపించే ఇంట్లో ఆ నిశ్చింత ఎక్కడిది?

చాలామంది వంటింటి గుమ్మానికి పరదా వేలాడదీసి ఊరుకుంటారు. దానితో వంటిల్లు కనిపించకపోవచ్చు గానీ, లోపలివారు పడకగదికి వెళ్లాలంటే అతిథి ముందు నుంచే నడవాలి. పరదాను గుమ్మానికి కాక హాలుకే అడ్డంగా, వీధి గోడకు 10 అడుగుల దూరాన కట్టండి. అప్పుడు ముందు భాగం 10 అడుగుల చదరం, వెనుక భాగం 8 అడుగుల పొడవు. పడకగది తలుపూ, వంటింటి తలుపూ రెండూ పరదా వెనుకకు వస్తాయి. అతిథి గంటసేపు కూర్చున్నా ఆడవారు వంటింటికీ పడకగదికీ హాయిగా తిరగవచ్చు. అమ్మాయి చదువు ఆగదు. ఎవరూ లేనప్పుడు పరదా పక్కకు లాగితే గది మళ్లీ ఒక్కటే.

పది అడుగుల పొడవుకు సన్నటి కడ్డీ వేస్తే మధ్యలో వంగిపోతుంది. అంగుళం లావు ఇనుప గొట్టం వేయించాలి. ఫ్యాను గది మధ్యలో వుంటే గొట్టాన్ని రెక్కల కంటే అడుగు తక్కువ ఎత్తులో బిగించాలి. మీ ఇంట్లో తలుపులు వేరే చోట వుంటే పరదా చోటూ మారుతుంది. సూత్రం మాత్రం ఒక్కటే: లోపలివారు వాడే తలుపులన్నీ పరదాకు ఒకే వైపున వుండాలి.

కూర్చునే చోటు, నమాజు చోటు

ముందు భాగంలో దక్షిణపు గోడకు దివాన్ గానీ, ముగ్గురు కూర్చునే చిన్న సోఫా గానీ సరిపోతుంది. సోఫా లోతు రెండున్నర అడుగులు మించకుండా చూసుకోండి. దానికి, టీపాయికి మధ్య ఒకటిన్నర అడుగు ఎడం వుంటే కాళ్లకు ఇబ్బంది లేదు, చాయ్ కప్పు చేతికి అందుతుంది. కిటికీ వెలుగు పక్క నుంచి వస్తుంది గనుక కూర్చున్నవారి కళ్లలో పడదు. మిగిలినవారికి మడత కుర్చీలు చాలు. రంజాన్‌లో ఇఫ్తార్‌కు బంధువులు వస్తే టీపాయి తీసేసి, 2 అడుగుల వెడల్పు దస్తర్‌ఖాన్ పరిస్తే అటు నలుగురు, ఇటు నలుగురు కూర్చోవడానికి 8 అడుగుల పొడవు చాలు. కింద కూర్చోవడం మనకు అలవాటే. అప్పు చేసి, వడ్డీ కట్టి పెద్ద సోఫా సెట్టు తెచ్చి గది నింపడం కంటే, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ దుర్రీ ఒకటి పరచుకోవడం మేలు.

వెనుక భాగంలో నమాజుకు చోటు కుదురుతుంది. జానమాజు దాదాపు 4 అడుగుల పొడవు, రెండుంబావు అడుగుల వెడల్పు వుంటుంది. పడమటి గోడ దగ్గర, వంటింటి తలుపుకు దక్షిణంగా ఇద్దరు పక్కపక్కన నిలబడవచ్చు. హైదరాబాదు నుంచి ఖిబ్లా నేరుగా పడమర కాదు, సుమారు 13 డిగ్రీలు ఉత్తరానికి వుంటుంది. జానమాజును ఆ మేరకు కాస్త తిప్పి పరచాలి. పడకగది నుంచి వంటింటికి వెళ్లే దారి ఉత్తరపు గోడ వెంటే వుంది గనుక నమాజు చేసేవారి ముందు నుంచి ఎవరూ నడవనవసరం లేదు. ఆ గోడకు అద్దం, టీవీ పెట్టకుండా వదిలేయండి.

ఒక్క ట్యూబులైటు చాలదు

గదికంతటికీ గోడ మీద ఒకే ట్యూబులైటు వుంటే, దానికి వీపు పెట్టి కూర్చున్నవారి నీడ వారి పుస్తకం మీదే పడుతుంది. పరదా లాగితే వెనుక భాగం మరీ చీకటి. అందువల్ల ముందూ వెనుకా విడివిడి దీపాలు, విడివిడి స్విచ్చులు కావాలి. ఖర్చుకు జంకనక్కరలేదు. పాత 60 వాట్ల బల్బు ఇచ్చిన వెలుగును నేటి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఇస్తుంది.

చదువుకునేవారికి ఇంకా పెద్ద బల్బు కంటే దగ్గరగా వున్న బల్బు ముఖ్యం. దీపం 6 అడుగుల నుంచి 3 అడుగుల దూరానికి వస్తే పుస్తకం మీద వెలుగు దాదాపు నాలుగు రెట్లవుతుంది. కుడిచేత్తో రాసే అమ్మాయికి దీపం ఎడమ వైపున వుండాలి. ఎడమచేతి వాటమైతే కుడి వైపున. 60 ఏళ్లు దాటిన కంటికి, 20 ఏళ్ల కంటికి సరిపోయే వెలుగుకు సుమారు మూడు రెట్లు కావాలంటారు. నానీ ఖుర్‌ఆన్ చదివే చోట కూడా ఒక దీపం పెట్టండి. తహజ్జుద్‌కో, సహరీకో చీకట్లో లేచేవారి కోసం పడకగది గుమ్మం దగ్గర నేలకు ఒక అడుగు ఎత్తున చిన్న రాత్రిదీపం వుంటే పడిపోయే భయం తగ్గుతుంది.

మరో సంగతి చాలామంది గమనించరు. పలుచటి పరదాకు ఎటువైపు వెలుగు ఎక్కువగా వుంటే, అటువైపున్న మనుషులు ఇవతలి వారికి కనిపిస్తారు. పగలు కిటికీ తెర చక్కగా కప్పినట్టే వుంటుంది. రాత్రి లోపల దీపం వేయగానే వీధిలోవారికి లోపలి రూపాలు తెలిసిపోతాయి. హాలు పరదా కూడా అంతే. అందుకే రెండింటికీ అస్తరు కుట్టించాలి. అతిథి వున్నప్పుడు ముందు భాగంలో వెలుగు ఎక్కువగా వుండేలా చూసుకోవాలి.

కొనేముందు కాగితం పరచండి

వీటిలో చాలా పనులకు కొత్త సామానుతో పని లేదు. సుద్దముక్కతో నేల మీద 3 అడుగుల దారి గీయండి. చదివేసిన పాత పత్రికలను సోఫా కొలతకు, టీపాయి కొలతకు పరిచి చూడండి. రెండు రోజులు ఆ కాగితాలు తొక్కకుండా నడవగలిగితే అమరిక కుదిరినట్టే. తొక్కుతుంటే కాగితాలు జరపండి. ఇంటి యజమాని ఒక్కడే నిర్ణయించకుండా, ఆ గదిలో ఎక్కువసేపు గడిపే అమ్మీని, చదువుకునే పిల్లలను, నానీని కూడా అడగండి.

అతిథి వచ్చేది గంటసేపు. ఆ గంటలో ఆయనకు మంచి ఆసనం, వేడి చాయ్ దొరకాలి. అదే గంటలో అమ్మాయి లెక్క పూర్తికావాలి, నానీ నమాజు వేళకు జరగాలి. వీధి తలుపు చప్పుడైనప్పుడు ఇంట్లో ఎవరూ పరుగెత్తకపోతే, ఆ గది కుదిరినట్టు.