పిల్లికి ఉబ్బసం: దగ్గు తగ్గినా వాపు ఉంటుంది

పిల్లి నేలకు కరుచుకుని, మెడ ముందుకు చాచి పదేపదే దగ్గుతుంది. చివరికి ఏమీ కక్కదు. గొంతులో వెంట్రుకల ఉండ అడ్డుపడిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఇది తరచూ జరుగుతుంటే ఉబ్బసాన్ని అనుమానించాలి.

ఉబ్బసం ఉన్న పిల్లి పీల్చే గాలిలోని దుమ్ము, పుప్పొడి వంటివాటికి దాని రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందిస్తుంది. ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు శ్వాసనాళాల్లోకి చేరతాయి. లోపలి పొర వాస్తుంది, కఫం పేరుకుంటుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. అందుకే ఊపిరి వదలడం మరీ కష్టమవుతుంది.

దీన్ని ఒక్క పరీక్షతో తేల్చలేం. బ్రిటన్‌లో నత్తల ద్వారా వ్యాపించే ఊపిరితిత్తుల పురుగు కూడా ఇలాంటి దగ్గే తెప్పిస్తుంది. అందుకే పశువైద్యులు ఎక్స్‌రేతో పాటు మలపరీక్ష చేయిస్తారు, గుండెజబ్బు లేదని చూసుకుంటారు. అవసరమైతే మత్తిచ్చి శ్వాసనాళాల్లోని ద్రవం తీసి పరీక్షిస్తారు.

చికిత్సకు ఆధారం స్టెరాయిడ్. మొదట ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇచ్చి, క్రమంగా ఫ్లూటికాసోన్ ఇన్‌హేలర్‌కు మారుస్తారు. మనుషులు వాడే ఇన్‌హేలరే ఇది. పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. నీలిరంగు సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్ బిగిసిన కండరాన్ని సడలిస్తుందే తప్ప వాపును తగ్గించదు. కాబట్టి అది ఆపద సమయానికే.

ఇన్‌హేలర్‌ను మాస్కున్న గొట్టానికి, అంటే స్పేసర్‌కు, తగిలించి పిల్లి ముక్కూ నోరూ కప్పేలా పెట్టాలి. ఒకసారి నొక్కి, ఏడు నుంచి పది శ్వాసలు తీసుకోనివ్వాలి. ముందు కొన్నాళ్లు మందు లేకుండా మాస్కు మాత్రమే చూపించి, ఇష్టమైన తిండి పెడితే అలవాటవుతుంది.

చలికాలం కిటికీలు మూసిన ఇంట్లో అగరొత్తుల పొగ, సాంబ్రాణి ధూపం, ఎండుమిర్చి పోపు ఘాటు బయటికి పోవు. పూజలో నూనె దీపంతో సరిపెట్టుకోండి, పోపు పెట్టేటప్పుడు వంటగది తలుపు మూసి ఫ్యాన్ వేయండి. దుమ్ము రేగని లిట్టర్ వాడండి. పిల్లి బొద్దుగా ఉంటే వైద్యుల సలహాతో బరువు తగ్గించండి.

దగ్గు ఆగిందని మందు సొంతంగా ఆపకండి. పైకి బాగున్నా లోపల వాపు కొనసాగవచ్చు, మోతాదు తగ్గించాల్సింది వైద్యులే. పిల్లి నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ లేచి పడటాన్ని ఒక శ్వాసగా లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటుతుంటే వైద్యులకు చెప్పండి. నోరు తెరిచి రొప్పుతున్నా, చిగుళ్లు నీలంగా మారినా అర్ధరాత్రయినా అత్యవసర క్లినిక్‌కు తీసుకెళ్లాలి.