గువ్వగూడు

మహానందీశ్వరుని దర్శించి వెలుపలికి వచ్చు సోదరీమణులు గోపురపు గూళ్ళలోని పావురములను తలయెత్తి చూడకమానరు. అమరకోశము వల్లించినవారికి ‘విటంక’ మనగా కపోతపాలిక, అనగా గువ్వగూడని జ్ఞప్తియుండును. ఆలయశిల్పమున ముందుకు వంగిన చూరునకును ‘కపోత’మనియే పేరు. గువ్వకు చోటిచ్చుట మనకు క్రొత్తగాదు.

ప్రభువులును వీనిని పెంచిరి. అక్బరు కొలువున ఇరువదివేలకు పైగా పావురములుండెనని అబుల్ ఫజలు వ్రాసెను. హైదరాబాదున హుస్సేనీ ఆలంలో పావురములకై గూళ్ళుగూళ్ళుగా కట్టించిన కబూతర్‌ఖానా కలదు. ఫ్రాన్సు దేశమున పల్లెలనేలు ప్రభువులు పిల్లల మాంసమునకును, రెట్టయెరువునకును పావురముల గోపురములు కట్టించిరి. ఆ హక్కు వారిదే. పక్షులు దొరవి, అవి తిను విత్తులు రైతువి. 1789 ఆగస్టులో ఆ హక్కు రద్దయ్యెను; గ్రామములవారు నిర్ణయించిన కాలమున పావురములను మూసియుంచవలెననియు శాసనమయ్యెను.

ఇది దొరలమాట యని మేమనుకొంటిమి. మా యత్తగారు పెరట చల్లిన గుప్పెడు జొన్నలకు రెండు జంటలు వచ్చి మా చూరెక్కినవి. ఈతకు రెండేసి గ్రుడ్లు. ఆడుమగలు రెండును వంతులవారిగా పొదుగును. పదునెనిమిది దినములకు పిల్లలగును. తల్లియే కాక తండ్రియు మెడసంచిలో నూరు పాలవంటి పదార్థమును వానికందించును. ఆ దాంపత్యమును చూచి మురిసితిమి. రెండేండ్లకు జంటలు మందయైనవి. పొరుగువారు ఎండబోసిన ధాన్యముపై వ్రాలినవి. మేము ఎండిన రెట్టను దినదినమును పొడిగా నూడ్చుచుంటిమి. అత్తగారికి దగ్గు పట్టుకొని విడువలేదు. ఆ ధూళి యూపిరితిత్తులకు చేటని వైద్యుడు చెప్పువఱకు మాకు తోచలేదు.

గూళ్ళు తీసివేయుదమనగా అత్తగారు కంటతడి పెట్టిరి. “శరణన్న గువ్వను శిబి విడిచెనా?” యనిరి. “అత్తయ్యా, శిబి తన తొడమాంసమిచ్చెను గాని పొరుగువాని గింజల నీయలేదు, ఇంటివారి యూపిరి నీయలేదు” అంటిమి. వారు మాటాడలేదు.

గూటిలోని పిల్లలు ఎగిరిపోవువఱకు ఆగితిమి. పిమ్మట మావారు బడినుండి వచ్చి, నిచ్చెనవేసి చూరునకు వల కట్టిరి. రెట్టను నీట బాగుగ తడిపి, మాస్కు కట్టుకొని, తీసి పెంటకుప్పలో మాగవేసితిమి. సోదరీమణులు పొడిరెట్టను ఎన్నడును చీపురుతో నూడ్వకుందురుగాక.

అత్తగారి దగ్గు నెమ్మదించినది. నేడు మా చూరున గువ్వలు లేవు. మహానందికి పోయినపుడు మాత్రము వారు గోపురమువంక చాలసేపు చూచుచుందురు. మేమును తొందరపెట్టము.