నాయనమ్మ పేరేమిటి?

"నాయనమ్మ పేరు నాయనమ్మే కదా మేడమ్!" అంది ముందు బెంచీలో పిల్ల. తరగతంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

హన్మకొండలో ఇంటర్ పిల్లలకు సమాజశాస్త్రం చెబుతాను. కిందటి వేసవి సెలవుల్లో ఏడాది పాఠాల ప్రణాళిక నన్నే వేయమన్నారు. "ఏముంది మేడమ్, నాలుగు నిర్వచనాలు బట్టీ పట్టిస్తే మార్కులవే వస్తాయి" అని తేల్చేశారు తోటి లెక్చరర్ ఒకరు. ఎంపీసీ, బైపీసీల్లో సీటు రాలేదనే చిన్నతనంతో కూర్చునే పిల్లలకు మళ్లీ బట్టీయేనా అని నా మనసు ఒప్పుకోలేదు.

చాలా పుస్తకాల్లో ముందు పాశ్చాత్య పండితుల పేర్లుంటాయి, తర్వాత కుటుంబం, కులం, మతం. మనుషుల దగ్గరికి వెళ్లి ఎలా అడిగి తెలుసుకోవాలన్నది ఎక్కడో చివర వస్తుంది. ఆ చివరిదాన్నే నేను మొదటికి తెచ్చాను.

ఇది నేను కనిపెట్టిన దారేం కాదు. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి.దూబే తన బృందంతో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటకు వెళ్లారు. ఊళ్లో ఎవరు ఏ పని చేస్తారు, ఏం తింటారు, పెళ్లిళ్లు ఎలా చేస్తారు, తగవులు ఎలా తీర్చుకుంటారు అన్నీ అడిగి రాసుకున్నారు. 1955లో అది 'ఇండియన్ విలేజ్' అనే పుస్తకంగా వచ్చి, విదేశాల్లోనూ పేరు తెచ్చుకుంది. శామీర్‌పేట పాఠం కాగా లేనిది మన కొత్తవాడ, మన ఎనుమాముల పాఠాలెందుకు కావు?

నేను చేసిన పొరపాటు

మొదటి వారమే వంశవృక్షం గీసుకురమ్మన్నాను. తెచ్చారు. తాత పేరు, ముత్తాత పేరు టకటకా రాశారు. నాయనమ్మ, అమ్మమ్మల గడుల్లో మాత్రం ఖాళీలు. ఇద్దరి పేర్లూ రాసినవాళ్లు నలుగురైదుగురే. వంశం తండ్రి వైపు నుంచే లెక్కపెట్టడం, పెళ్లితో ఆడపిల్ల ఇంటిపేరు మారిపోవడం... పుస్తకంలో 'పితృవంశీయ కుటుంబం' అని ఉన్న మాట ఆ ఖాళీ గడుల్లో పిల్లలకు కళ్లారా కనిపించింది. పాఠం బాగా పండిందని పొంగిపోయాను.

బెల్లయ్యాక ఒక పిల్ల తెల్లకాగితం పట్టుకుని నిలబడింది. "మా బాపు మమ్ముల ఇడిచిపెట్టి పోయిండు మేడమ్. ఆ గడిల ఏం రాయాలె?" అంది మెల్లగా.

నా దగ్గర జవాబు లేదు. సమాజం గురించి చెప్పడానికి బయల్దేరి, నా ఎదురుగా ఉన్న పిల్ల సంగతే ఆలోచించలేదు. ఇంకా నయం, కులం పాఠానికి ఎవరి కులం వాళ్లను రాయమనలేదు!

ఆ రాత్రి ప్రణాళిక మళ్లీ రాశాను. తరగతిలో ఎవరి కులం, ఎవరి ఇంటి గుట్టు అడగకూడదు. నలుగురిలో నా ఇంటి గురించి నేను చెప్పలేని ప్రశ్న పిల్లలను వేయకూడదు. సొంత ఇంటి గురించే రాయాలన్న నియమం వద్దు, పక్కింటివాళ్లు ఒప్పుకుంటే వాళ్లనడిగి రాసినా సరే. ముందుగా ఈ మూడూ రాసుకున్నాకే పాఠాల జోలికి వెళ్లాను.

గడియారం చెప్పిన పాఠం

రెండో పని సులువైనదే ఇచ్చాను. ఒక ఇంట్లో ఒక రోజు ఎవరు ఏ గంటకు ఏం చేశారో రాయడం. కొత్తవాడ పిల్లలు మగ్గం మీద జంపఖానా నేసేవాళ్ల పనితోపాటు పక్కన కూర్చుని కండెలు చుట్టే ఆడవాళ్ల పనీ రాశారు. ఇంకో పిల్లాడు "అమ్మ ఎప్పుడు పడుకుందో తెలీదు, అప్పటికే నేను నిద్రపోయాను" అని రాశాడు. అంతకంటే మంచి వాక్యం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అప్పుడు బోర్డు మీద రెండు అంకెలు వేశాను. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసినవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. అయినా 2011 జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసుకునే ఇల్లాలు 'పని చేయనివాళ్ల' జాబితాలోకే వెళ్లింది. "అదెట్ల మేడమ్?" అని మొదట లేచింది మగపిల్లాడే. శ్రమ విభజన పాఠం ఆరోజు వాళ్లే నడిపించారు.

తెల్లకాగితం పిల్ల ఈసారి రెండు పేజీలు తెచ్చింది. వాళ్లమ్మ మిర్చికి తొడిమలు తీసే కూలి. తెల్లారకముందే లేచి వంట, నీళ్లు, తర్వాత ఎనుమాముల మార్కెట్టు, సాయంత్రం మంటపుట్టే చేతులతో మళ్లీ పొయ్యి. రాసిందంతా తల్లికి చదివి వినిపించిందట. "గిదంతా పనేనా బిడ్డా?" అని ఆమె అడిగిందట. ఆ పిల్ల ఆ మాటను చివరి వాక్యంగా రాసుకుంది.

"ఇవన్నీ పరీక్షలో వస్తాయా?" అని ఒకరిద్దరు తల్లిదండ్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నిర్వచనం అడిగితే నిర్వచనమే రాయాలి. కానీ కింద ఉదాహరణ రాయాల్సి వచ్చినప్పుడు గైడు వెతుక్కోనక్కర్లేదు, వాళ్ల దగ్గరే ఉంటుంది.

రెండో ఏడాదికి పెద్దవాళ్ల జ్ఞాపకాలు సేకరించే పని పెట్టుకున్నాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. వాళ్లను ఎవరో ఒకరు వెళ్లి అడిగారు కాబట్టే ఆ చరిత్ర మనకు దక్కింది.

చివరగా ఒక మాట ఒప్పుకోవాలి. మా నాయనమ్మ పేరు నాకూ తెలియదు. అమ్మకు ఫోన్ చేసి అడిగితే ఆవిడా కాస్త తడుముకుని, "లచ్చమ్మ" అంది. మరి మీ నాయనమ్మ పేరు మీకు తెలుసా? తెలియకపోతే, చెప్పేవాళ్లు ఉండగానే అడగండి. అడిగి పిల్లల చేత ఒక కాగితం మీద రాయించండి.