ఇంటికెన్ని కిలోలు, తలకెన్ని కిలోలు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెల్లకార్డు మీద మనిషికి 4 కిలోల బియ్యం ఇచ్చేవారు. ఇంటికి మాత్రం 20 కిలోలు దాటకూడదు. అయిదుగురి దాకా లెక్క సరిపోయేది. ఆరో మనిషి పుడితే బస్తా పెరగదు, అందరి వాటా తరుగుతుంది. ఎనిమిది మంది ఉంటే తలకు రెండున్నర కిలోలే. 2015 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం ఆ పరిమితి ఎత్తేసి మనిషికి 6 కిలోలు చేసింది. అదే ఇంటికి 48 కిలోలు వచ్చాయి.

అప్పట్లో అందరం బియ్యం పెరిగాయనే చెప్పుకున్నాం. దాని వెనక ఇంకో మార్పుంది: లెక్కలోంచి ఇల్లు పోయి మనిషి వచ్చాడు. ఉదారవాద రాజకీయ తత్వం నిలబడేది ఈ మెట్టు మీదే. హక్కు వ్యక్తిది, ఆ వ్యక్తి ఇంట్లో ఎన్నోవాడన్నది అనవసరం.

అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో అచ్చయిన ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’లో ఒక పరీక్ష పెట్టాడు. మీరు ఎవరికి పుడతారో, ఎంత ఆస్తితో పుడతారో తెలియకముందే సమాజానికి నియమాలు రాయాలి. అప్పుడు ఎలా రాస్తారు? ఆ ఇంట్లో ఎనిమిదోవాడిగా పుట్టే అవకాశం ఉందని తెలిస్తే 20 కిలోల గీతకు ఎవరు సంతకం పెడతారు? తలలెక్కన ఇస్తే పిల్లల్ని ఎక్కువ కనమన్నట్టు కాదా అని అడిగేవాళ్లున్నారు. కన్నది పెద్దలు, పస్తు పిల్లలకా?

2013 జాతీయ ఆహార భద్రత చట్టం ఈ విషయంలో రెండు పడవల మీద కాళ్లు పెట్టింది. మామూలు కార్డుకు తలకు 5 కిలోలు. కడు పేదల అంత్యోదయ కార్డుకు మాత్రం ఇంటికి 35 కిలోలు. ఒంటరి వృద్ధురాలికి ఇది వరం. ఏడుగురున్న ఇంటికి రెండు కార్డులూ ఒకటే. ఎనిమిదో మనిషి వచ్చాక లెక్క తిరగబడుతుంది: మామూలు కార్డుకు 40 కిలోలు, అంత్యోదయకు అదే 35. అందరికంటే పేద అని ముద్ర వేసిన ఇంటికే తక్కువ! అట్టడుగువాడికి మేలు చేసే అసమానతనే ఒప్పుకోవచ్చన్నాడు రాల్స్. ఇక్కడ జరుగుతున్నది దానికి సరిగ్గా తలకిందులు.

తలకు 5 కిలోలంటే రోజుకు సుమారు 167 గ్రాములు. 2023 జనవరి నుంచి ఇవి ఉచితం. 2024 నుంచి అయిదేళ్లకు కేంద్రం వేసిన అంచనా 11.80 లక్షల కోట్ల రూపాయలు. చట్టం లెక్క ప్రకారం 81.35 కోట్ల మందికి పంచి చూస్తే మనిషికి నెలకు 240 రూపాయల చిల్లర. ఆ డబ్బే చేతికిస్తే పోదా, ఎవరికేం కావాలో వాళ్లకే తెలుసు కదా అన్న వాదన 1859లో స్వేచ్ఛ మీద పుస్తకం రాసిన జాన్ స్టువర్ట్ మిల్ దారిలోదే. 2015లో చండీగఢ్, పుదుచ్చేరిల్లో నగదు బదిలీ మొదలుపెట్టారు కూడా. నా మట్టుకు నేను, బజారులో బియ్యం ధర పెరిగినా ఆకలి తీర్చేది గింజే కాబట్టి ఇప్పటికి గింజకే ఓటేస్తాను.

అసలు చిక్కు ఎవరిని లెక్కించాలన్న దగ్గరుంది. పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం అని చట్టం దేశం మొత్తానికి గీత గీసింది. రాష్ట్రాల వాటా 2011-12 వినియోగ సర్వేను బట్టి తేల్చారు. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది 2.68 కోట్ల మందికి. 2011 జనాభాలో ఇది 54 శాతం. అంతకు మించి ఇచ్చే కార్డుల ఖర్చు రాష్ట్రానిది.

ఎక్కడ గీసినా తప్పులు రెండు రకాలు. ఉన్నవాడికి కార్డు అందడం ఒకటి, లేనివాడికి అందకపోవడం ఇంకొకటి. మొదటిది ఖజానాకు నెలకు కొన్ని వందల రూపాయల నష్టం. రెండోది ఒక ఇంటికి పస్తు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో తూచి ‘బోగస్ కార్డుల ఏరివేత’ మీదే గొప్పలు చెప్పుకునే పాలన తన విలువల్ని తానే బయటపెట్టుకుంటోంది.

ఆ 81.35 కోట్లు 2011 జనగణన నాటి అంకె. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. కొత్త లెక్కకు ప్రామాణిక తేదీగా ప్రకటించింది 2027 మార్చి 1.