ఓడిన మ్యాచ్‌ మళ్లీ చూశారా?

వరుసగా 23 మ్యాచ్‌లు. ఒక్కటీ గెలవలేదు. నన్ను అలా ఉతికి ఆరేసింది తొమ్మిదో తరగతి కుర్రాడు. కంచికచర్లలో మా వీధి చివరి ఇల్లు, వేసవి మధ్యాహ్నం, వాళ్ల నాన్న పాత కంప్యూటర్‌, అందులో స్ట్రీట్‌ ఫైటర్‌ 4. అప్పటికి నా బీటెక్‌ పూర్తయి ఏడాది దాటింది. ఉద్యోగం లేదు. చివరికి వాడికే జాలేసినట్టుంది. ‘‘అన్నా, నువ్వు అన్ని బటన్లూ నొక్కేస్తున్నావ్‌. ఒక్కటి నొక్కు, ఏమవుతుందో చూడు’’ అన్నాడు.

ఫైటింగ్‌ గేమ్‌లు మొదలుపెడదామనుకునే మీకు నేను చెప్పే మొదటి మాట కూడా అదే.

ముస్తఫా వేరు, ఇది వేరు

మా అన్నయ్యల తరం ‘ముస్తఫా’ అని పిలుచుకున్న గేమ్‌ ఒకటుండేది. అసలు పేరు క్యాడిలాక్స్‌ అండ్‌ డైనోసార్స్‌, 1993లో క్యాప్‌కామ్‌ తెచ్చింది. అందులో మీరూ మీ ఫ్రెండూ కలిసి రౌడీలను కొట్టుకుంటూ ముందుకెళ్లాలి. ఆ రౌడీలు ఎప్పుడూ ఒకేలా వస్తారు కాబట్టి బటన్లు టపటపా నొక్కినా పని జరిగిపోతుంది. ఫైటింగ్‌ గేమ్‌లో ఎదురుగా ఉండేది మనిషి. మీరు రెండుసార్లు చేసిన పనే మూడోసారీ చేస్తారని కనిపెట్టేస్తాడు. 1991లో అదే కంపెనీ తెచ్చిన స్ట్రీట్‌ ఫైటర్‌ 2 నుంచి 2024లో వచ్చిన టెక్కెన్‌ 8 దాకా ఆట సారం ఇదే. (కాంబోలు లేకుండా ఈ ఆటల్ని ఊహించలేం కదా. స్ట్రీట్‌ ఫైటర్‌ 2 తయారీలో అవి అనుకోకుండా బయటపడ్డాయి. కష్టమైన పనే కదా, ఎవరు వాడతారులే అని నిర్మాతలు వదిలేశారు!)

ఇక లెక్కలోకి వద్దాం. ఇంజినీరింగ్‌ వాళ్లకు ఇది నచ్చుతుంది. ఈ గేమ్‌లు సెకనుకు 60 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. ప్రతి దెబ్బకూ మూడు దశలుంటాయి. చెయ్యి లేవడం, తగలడం, వెనక్కి రావడం. స్ట్రీట్‌ ఫైటర్‌ 6లో ర్యూ వేసే చిన్న పంచ్‌ 4 ఫ్రేముల్లో తగులుతుంది. అంటే సుమారు 67 మిల్లీసెకన్లు. కంటితో చూసి చెయ్యి కదపడానికి మనిషికి మామూలుగా 200 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. కాబట్టి చిన్న పంచ్‌ని చూసి ఆపడం ఎవరివల్లా కాదు. ముందే ఊహించి బ్లాక్‌లో ఉండాలి. అదే ఎదుటివాడు గాల్లోకి ఎగిరితే కిందకు వచ్చేసరికి అర సెకను దాటుతుంది. దాన్ని చూడొచ్చు, కొట్టొచ్చు.

కొత్తవాళ్లు చేసే తప్పు ఇక్కడే. చూసి ఆపగలిగిన దాన్ని వదిలేసి, ఆపలేని దానికోసం కంగారుపడతారు. నేను మూడు వారాలు కాంబోల వీడియోలు చూశాను. పది దెబ్బల కాంబో ట్రైనింగ్‌ మోడ్‌లో భేషుగ్గా వచ్చేది. మ్యాచ్‌లో మొదటి దెబ్బ తగిలితే కదా రెండోది!

మొదటి వారం ఏం చేయాలి?

ఒక్క క్యారెక్టర్‌ని ఎంచుకోండి. ర్యూ అయితే ఎక్కువ ఆలోచించక్కర్లేదు. దూరం నుంచి కొట్టడానికి, మీదకు ఎగిరేవాణ్ని పడేయడానికి, దగ్గరికెళ్లి పట్టుకుని విసరడానికి అన్నీ ఉన్నాయి. ముందుగా మీకు కావాల్సినవి రెండే. ఒకటి, వెనక్కి నొక్కి ఓపికగా బ్లాక్‌ చేయడం. రెండు, ఎగిరొచ్చేవాణ్ని కొట్టడం. ట్రైనింగ్‌ మోడ్‌లో బొమ్మను ఎగిరేలా పెట్టుకుని రోజూ అరగంట అదొక్కటే చేయండి. విసుగొస్తుంది. రానివ్వండి. షోర్యూకెన్‌ వేయాలంటే ముందుకు, కిందకు, కింద-ముందుకు కలిపి, ఆపైన పంచ్‌. కుడివైపు తిరిగి వేస్తే వస్తుంది, ఎడమవైపు తిరిగితే రాదు. అందరికీ అంతే. రెండువైపులా చేయండి. స్ట్రీట్‌ ఫైటర్‌ 6లో ఒకే బటన్‌తో స్పెషల్స్‌ వచ్చే ‘మోడ్రన్‌’ కంట్రోల్స్‌ కూడా ఉన్నాయి. షార్ట్‌కట్‌తో వేసిన దెబ్బకు బలం కొంచెం తగ్గుతుంది. వాడితే చిన్నతనమేమీ లేదు.

సామాను గురించి భయపడొద్దు. కీబోర్డు చాలు. వేలల్లో ఖర్చుపెట్టి స్టిక్‌ కొనడం ఇప్పుడే వద్దు. స్ట్రీట్‌ ఫైటర్‌ 6, టెక్కెన్‌ 8 రెండింటికీ ఉచిత డెమోలున్నాయి గానీ, మామూలు కాలేజీ ల్యాప్‌టాప్‌ వాటిని మోయలేదు. పాతవి ఆడండి. స్ట్రీట్‌ ఫైటర్‌ 4 ఇప్పటికీ బాగుంటుంది. స్కల్‌గర్ల్స్‌లో పాఠాలు చెప్పే మోడ్‌ చాలా మంచిది. బ్రాల్‌హల్లా ఉచితం. ఆన్‌లైన్‌లో ఆడితే వైఫై కన్నా కేబుల్‌ మేలు. సిగ్నల్‌ ఊగితే ఎదుటివాడికీ మీకూ ఇద్దరికీ నరకమే.

వీడియో తీయమన్నాడు

ఇక అసలు సంగతి. నాలుగోరోజు ఆ కుర్రాడు నా ఫోన్‌ తీసుకుని పుస్తకాలకు ఆనించి, మేం ఆడుతున్న స్క్రీన్‌ని వీడియో తీశాడు. ‘‘ఇంటికెళ్లి చూడన్నా. ఎక్కడ పడ్డావో నీకే తెలుస్తుంది’’ అన్నాడు. చూడబుద్ధి కాలేదు. ఓడినదాన్ని మళ్లీ ఎవరు చూస్తారు? రాత్రి ఎలాగో చూశాను. ‘వాడు స్పీడ్‌గా ఉన్నాడు, నా కీబోర్డు బాలేదు’ అని నేననుకున్నవన్నీ అబద్ధాలే. ఒక మ్యాచ్‌లో 11 సార్లు దెబ్బ తింటే, అందులో ఏడుసార్లు నేను ఎగిరి దూకినప్పుడు తిన్నవే. భయమేసినప్పుడల్లా ఎగురుతున్నాను. మర్నాడు ఎగరడం మానేశాను. ఆరోజూ ఓడిపోయాను గానీ, ప్రతి మ్యాచ్‌ చివరి రౌండ్‌ దాకా వెళ్లింది.

అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి తొమ్మిది ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాను. ఒక్కదాని తర్వాతైనా ఏం అడిగారో, నేనేం చెప్పానో రాసుకోలేదు. హైదరాబాద్‌ నుంచి బస్సెక్కి, నందిగామ వచ్చేలోపు మొత్తం మర్చిపోవాలని చూసేవాణ్ని. ‘రికమండేషన్‌ ఉన్నోళ్లకే వస్తాయి’ అని ఇంట్లో చెప్పేవాణ్ని. పదో ఇంటర్వ్యూ తర్వాత బస్‌స్టాండ్‌లోనే కూర్చుని నోట్‌బుక్‌లో రాశాను. లింక్డ్‌ లిస్ట్‌ని తిప్పడం అడిగారు. నాకు తెలుసు. కానీ అడిగిన మరుక్షణం ఆలోచించకుండా కోడ్‌ మొదలుపెట్టి, మధ్యలో ఇరుక్కున్నాను. ఇక్కడా ఎగిరి దూకడమే! తర్వాతి రెండూ పోయాయి. వాటినీ రాసుకున్నాను. పదమూడోది వచ్చింది.

ఇక్కడ మీకు ఒక నిజం చెప్పాలి. గేమ్‌ వల్ల ఉద్యోగం వచ్చిందని నేననను. మధ్యలో రెండు నెలలు అదే గేమ్‌ వెనక దాక్కున్నాను. ‘నేర్చుకుంటున్నా’ అన్న పేరుతో రోజుకు ఆరేడు గంటలు. నోటిఫికేషన్లు వచ్చి పోయాయి. అప్లై చేయలేదు. మా అమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. అరగంట ట్రైనింగ్‌, ఐదు మ్యాచ్‌లు, ఒక వీడియో చూడటం. దీనికి మించితే అది సాధన కాదు, నా అనుభవం మీద చెబుతున్నా.

రెజ్యుమేలో ర్యాంక్‌ రాయకండి. ఎవరూ పట్టించుకోరు. నేను ర్యూ దెబ్బల ఫ్రేముల లెక్కలన్నీ పెట్టి, ఏ దెబ్బ బ్లాక్‌ చేస్తే తిరిగి దేంతో కొట్టొచ్చో చెప్పే చిన్న పైథాన్‌ ప్రోగ్రామ్‌ రాశాను. అది రాశాను రెజ్యుమేలో. పదమూడో ఇంటర్వ్యూలో దాని మీదే పావుగంట మాట్లాడారు.

ఆడేవాళ్లు ఎక్కడినుంచి వస్తారు?

ఈ ఆటతోనే బతుకుదామనుకునేవాళ్లకు మన దగ్గర దారి చాలా ఇరుకు. అయినా తలుపులు పూర్తిగా మూసి లేవు. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల్లో భాగంగా గుర్తించింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్‌ ఫైటర్‌ 5 పతకాల పోటీ. మన దేశం నుంచి మయాంక్‌ ప్రజాపతి, అయాన్‌ బిశ్వాస్‌ ఆడారు. స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్‌ గ్వాన్‌వూ వయసు అప్పటికి 44! ఇంట్లో ‘ఆన్‌లైన్‌ గేమ్‌లు నిషేధించారటగా’ అంటే, 2025 చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆటల్ని అని చెప్పండి. పందెం కాసే యాప్‌లకూ దీనికీ సంబంధం లేదు.

నాకు బాగా నచ్చిన కథ లాహోర్‌ కుర్రాడు అర్స్‌లాన్‌ యాష్‌ది. 2019లో వీసా, ప్రయాణాల తిప్పలన్నీ పడి జపాన్‌ చేరి, టెక్కెన్‌ 7లో ఎవో జపాన్‌ టైటిల్‌ గెలిచాడు. అదే ఏడాది లాస్‌ వేగాస్‌లో ఎవో కూడా. అప్పటిదాకా బయటివాళ్లకు పెద్దగా తెలియని పేరు. గెలిచాక అతనన్నది, తమ దేశంలో తనలాంటి గట్టి ఆటగాళ్లు ఇంకా ఉన్నారని. కొరియా దిగ్గజం ‘నీ’ అక్కడికెళ్లి ఆడి, అది నిజమేనని చూసి వచ్చాడు. రోజూ ఒకరినొకరు ఓడించుకునే నలుగురు ఉంటే చాలు, ఊరేదైనా ఫర్వాలేదు. మీ హాస్టల్‌లో ఆ నలుగురు కచ్చితంగా ఉంటారు, అడిగి చూడండి.

మా వీధి చివరి కుర్రాడు ఇప్పుడు బీటెక్‌లో చేరాడు. మొన్న సంక్రాంతికి కలిశాం. పది మ్యాచ్‌లాడితే నేను మూడు గెలిచాను. నాలుగోది చేతికొచ్చినట్టే వచ్చి పోయింది. ఆ వీడియో ఫోన్‌లో ఉంది, ఈ ఆదివారం కూర్చుని చూడాలి.